ఆగిన కాగితానికి ఒక గుర్తు

పనిని బొమ్మగా గీసే విద్యకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో చివరి అధ్యాయం సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న తెలుగువారికి కొట్టినపిండే. గుండ్రని మూలల పెట్టెలు, వాటిని కలిపే బాణాలు, దారి చీలేచోట నిలబెట్టిన వజ్రాకారాలు, మొదట ఒక సన్నని వలయం, చివర ఒక మందపాటి వలయం. ఈ బొమ్మల లిపికి బీపీఎంఎన్ అని పేరు. బ్యాంకులో అప్పు మంజూరు మొదలుకొని ఆసుపత్రిలో రోగి చేరిక వరకు, ఏ పని ఏ అంచెలు దాటి నడుస్తుందో అందరూ ఒకేలా చదువుకోవడానికి ఏర్పడిన ప్రమాణం అది.

దాన్ని ఎలా వాడాలో నేర్పే పుస్తకాలకు కొదవ లేదు. నేనిక్కడ చెప్పదలచుకున్నది దాని పూర్వీకుల కథ. అందులోనూ ముఖ్యంగా ఒకే ఒక్క గుర్తు కథ. 1947 నాటి ప్రమాణంలో మొత్తం ఐదు గుర్తులుండేవి. వాటిలో ఒకటి కేవలం "ఇక్కడ ఆగి ఉంది" అని చెప్పడానికే. నేటి ప్రమాణంలో గుర్తులు అంతకు పదింతలు దాటాయి, ఆ ఒక్కటి మాత్రం లేదు. అది ఎక్కడ జారిపోయింది, జారిపోతే మనకేమిటి అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

కథలోకి వెళ్ళేముందు పేరు సంగతి తేల్చుకోవాలి. "బిజినెస్ ప్రాసెస్" అన్నదాన్ని "వ్యాపార ప్రక్రియ" అని తెనిగిస్తే, వినేవారికి కొట్టు, సరుకు, లాభం గుర్తుకొస్తాయి. కానీ తహసీల్దారు కచేరీలో ధ్రువపత్రం జారీ కావడం కూడా ఆ మాట పరిధిలోదే. అక్కడ వ్యాపారం లేదు, ఉండకూడదు కూడా. మన "వ్యవహారం" అన్న మాటలో కొనుగోలు, కోర్టు, కచేరీ అన్నీ ఇముడుతాయి. కాబట్టి "వ్యవహార ప్రక్రియ" అని వాడుతున్నాను. వీలైనచోట ఇంకా తేలికగా "పని నడక" అంటాను.

తాపీపని దగ్గర మొదలు

ఈ కథ గణకయంత్రాల దగ్గర కాదు, ఇటుకల దగ్గర మొదలవుతుంది. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ 1885లో, తన పదిహేడవ ఏట, అమెరికాలోని బోస్టన్ నగరంలో తాపీపనిలో శిష్యుడిగా చేరాడు. పని నేర్పే మేస్త్రీలను గమనిస్తే అతనికి ఒక వింత కనబడింది. ఏ ఇద్దరు మేస్త్రీలూ ఇటుకను ఒకేలా పేర్చడం లేదు. అంతేకాదు, ఒకే మేస్త్రీ నేర్పేటప్పుడు ఒకలా, నింపాదిగా చేసేటప్పుడు ఒకలా, తొందరపడేటప్పుడు మరొకలా చేతులు కదుపుతున్నాడు. మరి వీటిలో శిష్యుడు దేన్ని నేర్చుకోవాలి?

ఈ ప్రశ్న అతన్ని జీవితాంతం వదలలేదు. గోడతోపాటు లేచే పరంజాను తయారుచేసి, మేస్త్రీ ఇటుక కోసం నేలదాకా వంగవలసిన అవసరం లేకుండా చేశాడు. ఒక ఇటుక పేర్చడానికి పద్దెనిమిది కదలికలు పట్టేచోట వాటిని ఐదుకు లోపే కుదించాడు. గంటకు 120 ఇటుకలు పేర్చేవారు 350 పేర్చగలిగారని ఫ్రెడరిక్ టేలర్ తన 1911 నాటి పుస్తకంలో రాశాడు.

ఫ్రాంక్ భార్య లిలియన్ మనస్తత్వశాస్త్రంలో 1915లో డాక్టరేటు పొందిన విదుషి. ఆ ఇద్దరి కృషిని విడదీసి చూడలేం. టేలర్ చేతిలో గడియారం ఉంటే, ఈ దంపతుల చేతిలో చలనచిత్రం తీసే కెమెరా ఉండేది. గడియారం పట్టుకుని వెనక నిలబడే పద్ధతిని కార్మికులు ఎంతగా అసహ్యించుకున్నారో 1911లో వాటర్‌టౌన్ ఆయుధాగారంలో జరిగిన సమ్మె చెబుతుంది. ఎంత సేపట్లో చేశాడన్నది టేలర్ ప్రశ్న. ఎలా చేశాడు, ఎందుకు అలసిపోయాడు అన్నది గిల్‌బ్రెత్‌ల ప్రశ్న. 1916లో వారిద్దరూ కలిసి అలసట గురించే ఒక పుస్తకం వెలువరించారు.

చేతిపనిలోని మౌలిక కదలికలను వారు పద్దెనిమిది వరకు గుర్తించి, ఒక్కొక్కదానికి ఒక చిన్న బొమ్మను కేటాయించారు. తమ ఇంటిపేరునే తిరగవేసి వాటికి "థెర్బ్లిగ్" అని పేరుపెట్టారు. వెదకడం, పట్టుకోవడం, అమర్చడం వంటివాటికి గుర్తులుండటంలో వింత లేదు. కానీ ఆ పట్టికలో "అలసట తీరడానికి విశ్రాంతి" అన్నదానికి కూడా ఒక గుర్తుంది. అది కూర్చుని ఉన్న మనిషి బొమ్మ. తప్పించుకోలేని ఆలస్యానికి, అనుకోకుండా ముక్కు కొట్టుకున్న మనిషి బొమ్మ. తప్పించుకోదగిన ఆలస్యానికి, పనివేళ నడుము వాల్చిన మనిషి బొమ్మ. చిలిపితనం ఉన్నా అందులో లోతైన ఆలోచన ఉంది. ఆగడం కూడా పనిలో భాగమేననీ, ఆగడంలో రకాలున్నాయనీ, ఆ రకాలను వేరుచేసి చూడాలనీ వారు భావించారు.

ఒక మనిషి చేతుల కదలికల నుండి ఒక వస్తువు మొత్తం ప్రయాణానికి వారి దృష్టి విస్తరించింది. 1921లో అమెరికా యంత్రశాస్త్ర ఇంజనీర్ల సంఘం ముందు ఫ్రాంక్, లిలియన్ "ప్రాసెస్ చార్టుల" గురించి ఒక పత్రం సమర్పించారు. పని నడకను గుర్తులతో కాగితంమీద పెట్టే విద్యకు సాధారణంగా దాన్నే ఆరంభంగా చెబుతారు. 1924లో ఫ్రాంక్ హఠాత్తుగా మరణించాడు. పన్నెండుమంది పిల్లల తల్లి అయిన లిలియన్ ఆ కృషిని ఇంకా దశాబ్దాలపాటు ముందుకు తీసుకుపోయింది. 1965లో ఆ దేశపు జాతీయ ఇంజనీరింగ్ అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ ఆమె. 1972లో కన్నుమూసింది.

పెన్సిలు ఎవరి చేతిలో

గిల్‌బ్రెత్‌ల తర్వాతి తరంలో అలన్ మోగెన్‌సెన్ అనే ఇంజనీరు వచ్చాడు. అతనికి ఒక సంగతి స్పష్టంగా అర్థమైంది. బయటనుండి వచ్చిన నిపుణుడు ఎంత గొప్ప పటం గీసినా, పని చేసేవాడు దాన్ని నమ్మడు. పైగా ఆ పనిని మెరుగుపరచే దారి అందరికన్నా బాగా తెలిసింది ఆ పని చేసేవాడికే. అలాంటప్పుడు పెన్సిలు అతని చేతికే ఎందుకివ్వకూడదు? 1937 నుండి న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో "పనిని సులభం చేయడం" అన్న పేరుతో అతను శిక్షణ సదస్సులు నడిపాడు. ఆ చార్టులు అంత సరళంగా ఉండటానికి కారణం ఇదే. అవి కర్మాగారంలో మేస్త్రీలూ కార్మికులూ ఒక పూటలో నేర్చుకుని గీయగలగాలి.

అక్కడ శిక్షణ పొందినవారిలో బెన్ గ్రాహం ఒకడు. పెట్టుబడుల విద్యకు ప్రసిద్ధుడైన గ్రాహం కాదు, ఇతను వేరు. కార్యాలయాలకు అచ్చు ఫారాలు తయారుచేసే ఒక సంస్థలో పనిచేసేవాడు. కర్మాగారంలో ఇనుప ముక్క తిరిగినట్లే కచేరీలో కాగితం తిరుగుతుందని గ్రహించి, 1940లలో ఆ చార్టులను కాగితాల నడకకు మలిచాడు. ఒకే ఫారానికి నాలుగు నకళ్ళుంటే నాలుగు గీతలు. ఒక్కో నకలు ఏ బల్లకు పోతుంది, ఎక్కడ ముద్ర పడుతుంది, ఎక్కడ బీరువాలోకి చేరుతుంది అన్నది ఆ గీతలమీద వరుసగా కనబడుతుంది. ఇటుకలకోసం పుట్టిన లిపి గుమాస్తాల లోకంలోకి ప్రవేశించింది ఇలాగే.

1947లో ఆ ఇంజనీర్ల సంఘమే ఈ లిపిని ప్రమాణీకరించింది. ఐదే ఐదు గుర్తులు. వస్తువులో మార్పు తెచ్చే పనికి వలయం. పరీక్షకు చతురస్రం. ఒకచోటినుండి మరొకచోటికి పోవడానికి బాణం. భద్రపరచడానికి తలకిందులైన త్రిభుజం. ఇక ఐదవది, ఇంగ్లీషు "డీ" అక్షరం ఆకారం, అంటే ఆలస్యం. తర్వాతి అంచె వెంటనే మొదలుకాక, వస్తువో కాగితమో ఊరకే పడి ఉన్నదని దాని అర్థం. గుర్తుల పక్కన రెండు గడులుండేవి: ఎన్ని అడుగులు నడిచింది, ఎన్ని నిమిషాలు పట్టింది.

దీని బలం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. లెక్కకోసం ఊహించిన వృద్ధాప్య పింఛను దరఖాస్తు ఒకటి తీసుకుందాం. గుమాస్తా పరిశీలనకు పది నిమిషాలు, ఇంటికి వెళ్ళి విచారించడానికి అరగంట, అధికారి సంతకానికి రెండు నిమిషాలు, వివరాలు నమోదు చేయడానికి ఎనిమిది నిమిషాలు. మొత్తం పని యాభై నిమిషాలు. కానీ పింఛను మంజూరు కావడానికి నలభై రోజులు పట్టిందనుకోండి. 1947 నాటి పద్ధతిలో చార్టు గీస్తే నిలువు గీత పొడుగునా "డీ" తర్వాత "డీ" కనబడుతుంది. చదువురాని మనిషికి చూపించినా, ఈ కాగితం నడిచినదానికన్నా పడి ఉన్నదే ఎక్కువని చెప్పేస్తాడు. ఆ చార్టు ఆరోపణ చేయదు, ఎవరి పేరూ ఎత్తదు. ఆగినచోట ఆగిందని మాత్రం రాసిపెడుతుంది.

అదే ఏడు, మరో దారి

1947లోనే, దీనితో నిమిత్తం లేకుండా మరొక బొమ్మల లిపి రూపుదిద్దుకుంది. ప్రిన్స్‌టన్‌లో హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ వాన్ నాయ్‌మన్ ఇద్దరూ ఎలక్ట్రానిక్ గణకయంత్రానికి లెక్కలు ఎలా సిద్ధం చేయాలో వివరిస్తూ ఒక నివేదిక రాశారు. అందులో పెట్టెలు, బాణాలు గల "ఫ్లో డయాగ్రమ్"లు ఉన్నాయి. మనలో చాలామంది కళాశాలలో పాఠంగా చదువుకున్న ఫ్లోచార్టుకు మూలం అదే.

పైచూపుకు రెండూ ఒకేలా కనబడతాయి. కానీ రెండింటిలో ప్రవహించేది వేరు. గిల్‌బ్రెత్‌ల చార్టులో ప్రవహించేది ఒక వస్తువు: ఇనుప ముక్క, ఉత్తరం, దరఖాస్తు. దానికి బరువుంది, చోటుంది, అది ఎక్కడో ఒకచోట పడి ఉండక తప్పదు. ఫ్లోచార్టులో ప్రవహించేది యంత్రం దృష్టి. ఈ ఆదేశం అయింది, తర్వాత ఏ ఆదేశం అన్నదొక్కటే అక్కడి ప్రశ్న. ఒక ఆదేశానికీ మరొక ఆదేశానికీ నడుమ విరామం అనేది లెక్కలోకి రాదు. కాబట్టి అక్కడ బాణానికి కాలం లేదు. "డీ" గుర్తు అవసరమూ లేదు. బదులుగా ఫ్లోచార్టు మరొక గొప్ప గుర్తును తెచ్చింది, అదే నిర్ణయానికి వాడే వజ్రాకారం. "అయితే ఇటు, కాకపోతే అటు" అన్నది పాత చార్టులో చక్కగా ఇమిడేది కాదు.

గణకయంత్రాలు కచేరీల్లోకి వచ్చేకొద్దీ ఈ రెండో లిపే గెలిచింది. 1985 నాటికి ఫ్లోచార్టు గుర్తులకు ఐఎస్ఓ 5807 అన్న అంతర్జాతీయ ప్రమాణం స్థిరపడింది. కచేరీ పనిని గీయవలసి వచ్చినప్పుడు, గీసేవారు ప్రోగ్రాములు రాసేవారు కావడంవల్ల, తమకు తెలిసిన లిపిలోనే గీశారు. పెన్సిలు పనివాడి చేతినుండి విశ్లేషకుడి చేతికి మారింది. ఆ మార్పులో "డీ" గుర్తు చేజారిపోయింది. మైక్రోసాఫ్ట్ వర్డ్ తెరిచి ఫ్లోచార్టు ఆకారాల వరుసలో వెదికితే "డిలే" అన్న పేరుతో ఆ ఆకారం ఇప్పటికీ దొరుకుతుంది. పాడుబడిన గుడిలో శిలాశాసనంలా అది అక్కడే ఉంది. దాన్ని వాడగా నేను చూసింది చాలా అరుదు.

పెట్రి గీసిన వలయాలు

ఆగడాన్ని గణితశాస్త్రంలోకి ఎక్కించినవాడు కార్ల్ ఆడమ్ పెట్రి. జర్మనీలో 1926లో పుట్టిన ఈ గణితవేత్త 1962లో తన డాక్టరేటు సిద్ధాంత గ్రంథంలో కొత్త భావనలను ప్రతిపాదించాడు. నేడు పెట్రి వలలుగా పిలిచే బొమ్మలు వాటినుండే ఎదిగాయి. వాటిలో రెండే రకాల శిఖరాలుంటాయి. "స్థానాలకు" వలయాలు, "పరివర్తనలకు" చిన్న పట్టీలు. స్థానాల్లో టోకెన్లు ఉంటాయి, మన వైకుంఠపాళీలో పావుల్లాగా. ఒక పరివర్తనకు దారితీసే వలయాలన్నిటిలోనూ పావులు వచ్చి చేరితేనే ఆ పరివర్తన జరుగుతుంది.

ఇక్కడ చూడవలసింది ఏమిటంటే, ఈ లిపిలో పావు ఉండేది ఎప్పుడూ వలయంలోనే, అంటే ఎదురుచూసే చోటులోనే. పని అన్నది ఒక వలయంనుండి మరొక వలయానికి దాటే క్షణం మాత్రమే. పెట్రి దృష్టిలో నిరీక్షణే స్థితి, పని దాని మధ్య వచ్చే మలుపు. మన పింఛను దరఖాస్తు నలభై రోజుల కథకు ఇంతకన్నా నిజాయితీ గల గణితం దొరకదు. 1990లలో డచ్చి శాస్త్రవేత్త విల్ వాన్ డెర్ ఆల్స్ట్ ఈ వలలతోనే కచేరీ పని నడకలను పరీక్షించే పద్ధతులు అభివృద్ధి చేశాడు. మొదలైన ప్రతి వ్యవహారమూ ముగియగలదా, మధ్యలో చిక్కుపడిపోయే అవకాశముందా అన్నవాటికి అలా రుజువులు దొరికాయి. అయితే మామూలు ఉద్యోగులకు ఆ బొమ్మలు మింగుడుపడలేదు. చిన్న వ్యవహారానికి కూడా వలయాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చేవి.

తెల్లని చోటు

1990లో రెండు రచనలు వెలువడి, కంపెనీల పెద్దల దృష్టిని పని నడక మీదికి తిప్పాయి. మొదటిది హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో మైకేల్ హామర్ రాసిన వ్యాసం. పాత పనిని యథాతథంగా యంత్రానికెక్కించకండి, చెరిపేసి మళ్ళీ ఆలోచించండి అన్నది దాని సారాంశం. అందులో ఫోర్డు కంపెనీ ఉదాహరణ ప్రసిద్ధం. సరుకు ఇచ్చినవారికి డబ్బు చెల్లించే విభాగంలో ఫోర్డుకు ఐదువందలమందికి పైగా ఉంటే, మాజ్డా కంపెనీలో ఐదుగురే ఉన్నారు. కొనుగోలు ఉత్తర్వు, సరుకు అందిన రశీదు, అమ్మినవారి బిల్లు, ఈ మూడూ సరిపోలేదాకా ఫోర్డులో చెల్లింపు ఆగిపోయేది. సరిపోనివాటి చిక్కు విప్పడానికే గుమాస్తాల కాలమంతా సరిపోయేది. బిల్లు అనే కాగితాన్నే ఎత్తివేసి, సరుకు దిగేచోటే గణకంలో సరిచూసే ఏర్పాటు చేశాక నాలుగింట మూడు వంతుల సిబ్బంది తగ్గారు. ఆ తగ్గినవారి గతి ఏమిటన్నది వేరే చరిత్ర. "రీఇంజనీరింగ్" అన్న మాటకు తర్వాత వచ్చిన చెడ్డపేరు ఊరకే రాలేదు.

రెండవది గేరీ రమ్లర్, అలన్ బ్రేచ్ రాసిన పుస్తకం. సంస్థ నిర్మాణ పటంలో పెట్టెల మధ్య ఉండే తెల్లని చోటును ఎలా నిర్వహించాలన్నది ఆ పుస్తకం ఉపశీర్షికలోనే ఉంది. ఈత కొలనులో తాళ్ళు కట్టి విడదీసిన దారుల్లా, ఒక్కో విభాగానికి ఒక్కో పట్టీ కేటాయించి బొమ్మ గీసే పద్ధతి వీరివల్లే ప్రచారంలోకి వచ్చింది. మన పొలాల భాషలో వాటిని "మళ్ళు" అనవచ్చు, గట్లు మధ్యలో ఉంటాయి కనుక. కాగితం ఒక మడినుండి మరొక మడికి గట్టు దాటేచోటే ఎక్కువగా ఆగుతుందని ఆ రచయితలు గుర్తించారు. ఇది గిల్‌బ్రెత్‌ల దృష్టికి చాలా దగ్గరైన పరిశీలన. కానీ వారి బొమ్మలోనూ ఆ గట్టుమీద గుర్తేమీ లేదు. గట్టు దాటే బాణం చూసి పాఠకుడే ఊహించుకోవాలి.

బీపీఎంఎన్ అవతరణ

2000లో బీపీఎంఐ అన్న కూటమి ఏర్పడింది. పని నడకను యంత్రమే నేరుగా నడిపించగల భాష కావాలన్నది వారి లక్ష్యం. ఆ భాషకు మనుషులు చదవగల ముఖంగా ఒక బొమ్మల లిపి అవసరమైంది. ఐబీఎంకు చెందిన స్టీఫెన్ వైట్ సారథ్యంలో 2004 మే నెలలో బీపీఎంఎన్ తొలి రూపం వెలువడింది. 2005లో ఆ కూటమి, యూఎంఎల్ వంటి ప్రమాణాలను పోషిస్తున్న ఓఎంజీలో విలీనమైంది. 2006లో ఓఎంజీ ఈ లిపిని తన ప్రమాణంగా స్వీకరించింది. 2011 జనవరిలో రెండవ రూపం వచ్చింది. 2013లో అదే ఐఎస్ఓ/ఐఈసీ 19510గా అంతర్జాతీయ ప్రమాణమైంది.

దీని సాధనను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అంతకుముందు ప్రతి కంపెనీదీ ఒక లిపి, ప్రతి సాఫ్ట్‌వేరుదీ ఒక లిపి. హైదరాబాదులో గీసిన పటాన్ని మరో దేశంలో కూర్చున్నవారు పొరపాటు లేకుండా చదవగలగడం చిన్న విషయం కాదు. వేరువేరు సంస్థల మధ్య మాటలు నడిచే తీరుకు చుక్కల గీత, ఒకే సంస్థ లోపలి వరుసకు నిండు గీత అన్న విభజన చాలా అందమైనది. ఉత్తరం వస్తే మొదలయ్యే పనికి కవరు గుర్తు, వేళ అయితే మొదలయ్యే పనికి గడియారం గుర్తు చూడగానే అర్థమవుతాయి.

కానీ ఐదువందల పుటలు దాటిన ఆ ప్రమాణ గ్రంథంలో గుర్తులు విపరీతంగా పెరిగాయి. 2008లో మైకేల్ త్సుర్ ముయెలెన్, యాన్ రెకర్ అనే పరిశోధకులు 120 బొమ్మలను పరిశీలించారు. ఒక్కో బొమ్మలో సగటున వాడినవి అప్పటికి ఉన్న గుర్తుల్లో ఐదోవంతు కూడా లేవని తేల్చారు. మోగెన్‌సెన్ నాటి "ఒక పూటలో నేర్చుకునే లిపి" ఆదర్శం ఎంత దూరం పోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి ఆగడం సంగతి? బీపీఎంఎన్ పెట్రినుండి టోకెన్ భావనను తీసుకుంది, కానీ టోకెన్ నిలిచే వలయాన్ని తీసుకోలేదు. మూడు రోజులు వేచి ఉండాలన్న నియమం ఉంటే గడియారం గుర్తు పెట్టవచ్చు. జవాబు వచ్చేదాకా ఆగాలంటే కవరు గుర్తు పెట్టవచ్చు. అంటే ముందుగా అనుకుని ఆగే ఆగడానికి గుర్తుంది. కానీ గుమాస్తా బల్లమీద అరవై కాగితాలుండి మనది అరవై ఒకటోది కావడంవల్ల కలిగే నిరీక్షణకు, అధికారి శిబిరానికి వెళ్ళడంవల్ల కలిగే నిరీక్షణకు గుర్తు లేదు. "పని సిద్ధంగా ఉంది", "పని సాగుతోంది" అన్న వేర్వేరు స్థితులు ప్రమాణ గ్రంథం లోపలి పుటల్లో ఉన్నాయి. బొమ్మమీద మాత్రం రెండూ ఒకే పెట్టె. మన పింఛను దరఖాస్తును ఈ లిపిలో గీస్తే నాలుగు పెట్టెలు, మూడు బాణాలు. యాభై నిమిషాల పని ఆ పెట్టెల మీద పేరుపేరునా కనబడుతుంది. నలభై రోజుల నిరీక్షణ ఎక్కడా కనబడదు.

ఇది ఎవరి కుట్రా కాదు. యంత్రం నడపవలసిన పటంలో యంత్రానికి పనికొచ్చే గుర్తులే మిగిలాయి. ఆగడం యంత్రానికి ఆదేశం కాదు, అందుకని లిపినుండి రాలిపోయింది.

మన రిజిస్ట్రేషను కచేరీ

దీనికి మన నేలమీదే ఒక ఉదాహరణ ఉంది. 1998 నవంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "కార్డ్" పేరిట సబ్ రిజిస్ట్రారు కచేరీల కంప్యూటరీకరణను ప్రారంభించి, రెండువందల పైచిలుకు కచేరీలకు విస్తరించింది. అంతకుముందు ఆస్తి దస్తావేజు రిజిస్టరు కావాలంటే దాన్ని చేతిరాతతో పెద్ద పుస్తకాల్లోకి నకలు దించేవారు. అసలు పత్రం చేతికి రావడానికి రోజులు, వారాలు పట్టేది. ఈసీ కావాలంటే ఏళ్ళతరబడి సూచిక పుస్తకాలు తిరగేయవలసిందే. నకలు రాత స్థానంలో స్కానింగు, వెదుకులాట స్థానంలో గణకం వచ్చాక ఈ పనులు గంటల్లోకి దిగాయి. ఇది నిజమైన మేలు.

అయితే 2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ పథకంపై ఒక విమర్శ ప్రచురించాడు. యంత్రాలు వచ్చినా దస్తావేజు లేఖరుల మధ్యవర్తిత్వమూ, చేతులు మారే సొమ్ము కూడా కొనసాగుతున్నాయని ఆయన చూపించాడు. ఇదంతా పైపై హంగేనన్న మాట శీర్షికలోనే ఉంది.

పని నడక పటాల చరిత్ర చదివిన కళ్ళకు ఇందులో ఆశ్చర్యం లేదు. కచేరీ పటం కచేరీ గడపలోపల మొదలవుతుంది. దస్తావేజు లేఖరి కూర్చునే చెట్టునీడ గడప బయట ఉంది. పౌరుడికి తెలియని నడకను తెలిసినవాడు అమ్ముకుంటాడు. ఎక్కడ ఎంతసేపు ఆగాలో తెలియకపోవడమే అతని వ్యాపారానికి పెట్టుబడి. పటం నిరీక్షణను చూపనంతకాలం, నిరీక్షణను తగ్గించిపెడతానని డబ్బు అడిగేవాడికి చోటు ఉంటూనే ఉంటుంది.

తిరిగి వచ్చిన ఆగడం

గత పదిహేను ఇరవై ఏళ్ళలో నిరీక్షణ మరొక దారిన మళ్ళీ పటంలోకి వచ్చింది. ఇందులోనూ వాన్ డెర్ ఆల్స్ట్‌దే ప్రధాన పాత్ర. యంత్రంలో ప్రతి అంచెకూ తేదీ, వేళ నమోదవుతాయి. ఆ నమోదులను తవ్వి అసలు పని ఎలా నడిచిందో పటంగా రాబట్టే విద్యను "ప్రాసెస్ మైనింగ్" అంటారు. దానిపై ఆయన గ్రంథం 2011లో వచ్చింది. అక్కడ బాణాలు ఎర్రబడతాయి, లావెక్కుతాయి. ఏ గట్టు దగ్గర కాగితాలు పేరుకున్నాయో కనబడుతుంది.

అయినా పాత "డీ" గుర్తుకు ఇది పూర్తి బదులు కాదంటాను. చాలాచోట్ల యంత్రం పని ముగిసిన వేళనే నమోదు చేస్తుంది, మొదలైన వేళను చేయదు. అప్పుడు పనికి పట్టిన కాలమెంత, ఆగిన కాలమెంత అన్నది విడదీయలేం. దరఖాస్తు నమోదు కాకముందు పౌరుడు వరుసలో నిలబడిన గంటలు ఏ నమోదులోనూ ఉండవు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎందుకు ఆగిందో నమోదు చెప్పదు. అలసిపోయి ఆగాడా, అడ్డు తగిలి ఆగాడా, కావాలని ఆపాడా? కూర్చున్న మనిషి, ముక్కు కొట్టుకున్న మనిషి, నడుము వాల్చిన మనిషి అంటూ గిల్‌బ్రెత్ దంపతులు గీసిన ఆ మూడు బొమ్మల మధ్య తేడా తెలియాలంటే పని చేసేవాడినే అడగాలి. అతని చేతికే పెన్సిలు ఇవ్వాలి.

బీపీఎంఎన్ ప్రమాణంలో ఒక వెసులుబాటు ఉంది. ఉన్న గుర్తులతో తికమక కానంతవరకు, గీసేవారు తమ అవసరానికి కొత్త అనుబంధ గుర్తులను చేర్చుకోవచ్చు. కాబట్టి ఎవరి అనుమతీ అడగకుండానే ఆ పాత "డీ"ని బాణం పక్కన పెట్టవచ్చు. కింద రెండు మాటలు రాస్తే చాలు: ఎన్ని రోజులు, దేనికోసం. నేను గీసే పటాల్లో కొంతకాలంగా అలాగే చేస్తున్నాను. పటం చూడగానే వచ్చే ప్రశ్నలు మారుతున్నాయి. "తర్వాత ఎవరు చేస్తారు?" అని అడిగేవారు ఇప్పుడు "ఇక్కడ తొమ్మిది రోజులు ఎందుకు?" అని అడుగుతున్నారు. జవాబు తెలిసినవాడు సాధారణంగా ఆ గదిలో ఉండడు. అతన్ని పిలిపించవలసి వస్తుంది.